బంజారాలు లేని బంజారాహిల్స్

హైద్రాబాదులో ఎవరన్నా 'ఎక్కడుంటారు?' అని అడిగినప్పుడు 'బంజారాహిల్స్' అని చెప్పి చూడండి. అడిగినాయన ఒకసారి మన చెప్పులకేసి చూస్తాడు. తర్వాత రెండో ప్రశ్న వస్తుంది: 'ఏ రోడ్డు?' ఊర్లల్ల 'మీరెవరోళ్లు?' అని అడిగినట్టే ఉంటుంది ఆ అడగటం. రెండో నంబరు రోడ్డు, పన్నెండో నంబరు రోడ్డు అంటే ఒక లెక్క. నంబరు చెప్పి 'లోపల, బస్తీ దిక్కు' అంటే ఇంకో లెక్క. ఈ పేటలో రోడ్లకు మనుషుల పేర్లు కాకుండా నంబర్లు పెట్టినవాళ్లు కులం పోగొడదామనుకున్నారేమో నాకు తెలియదు. నంబర్లకు కూడా కులం వచ్చింది.

నేను పుట్టింది పాలమూరు జిల్లాలో మాదిగవాడలోనే అయినా పెరిగింది ఈ గుట్టమీద. యాభై ఏళ్లుగా నా చిరునామా బంజారాహిల్సే. ఈ గుట్ట చరిత్ర ఎక్కడ చదివినా ఒక నవాబు బంగళాతో మొదలై ఒక షాపింగు మాలుతో ముగుస్తుంది. మధ్యలో రాళ్లు వాటంతటవే పగిలినట్టు, ఇండ్లు వాటంతటవే లేచినట్టు ఉంటుంది. అందుకని నాకు తెలిసిన వరుసలో నేను చెప్తాను.

ముందు పేరు సంగతి. బంజారా అంటే లంబాడి. మన ఆంధ్ర ప్రాంతంలో సుగాలి. ఎద్దులమీద ఉప్పు, ధాన్యం, పత్తి వేసుకుని దేశమంతా తిరిగిన జాతి. ఆ ఎడ్లబరువు వ్యాపారాన్ని వాళ్ల గోర్ బోలిలో లదేణి అంటారు. మొగలు సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు వాటికి తిండిగింజలు చేరవేసింది ఈ లదేణీలే. 1687లో గోల్కొండ పడిపోయింది. పడగొట్టింది ఔరంగజేబు అని రాసుకున్నాం. ఆ సైన్యాలకు అన్నం మోసిన ఎద్దుల వెనక నడిచినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. గోల్కొండ కోటకు తూర్పున ఉన్న ఈ గుట్టలమీద గడ్డి ఉంది, కుంటల్లో నీళ్లున్నాయి. ఎడ్లను నిలపటానికి అంతకన్న ఏం కావాలి? తండా దిగింది, తండా పేరు గుట్టకు వచ్చింది.

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. రెవిన్యూ భాషలో బంజరు అంటే దున్నని భూమి. బంజారాకూ బంజరుకూ మాట వరసలో సంబంధం ఉందో లేదో పండితులు తేల్చుకోనీ. బంజారా అనేది వణిజ అనే మాటనుంచి వచ్చిందని కొందరు, వనచరులు అనే మాటనుంచి వచ్చిందని కొందరు వాదిస్తారు. కానీ సర్కారు కాగితాల్లో మాత్రం ఈ రెండు మాటలూ ఒకటే పని చేశాయి. మనుషులు తిరిగే జాతి కనుక వాళ్లది కాదు, భూమి బంజరు కనుక ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని భూమి చివరికి ఎవరిదవుతుందో మనకు చెప్పాల్సిన పనిలేదు.

1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చింది. రైలు వచ్చినచోట లదేణి చచ్చిపోయింది. వెయ్యి ఎద్దులు మోసే ఉప్పును ఒక గూడ్సుబండి మోసింది. అంతకు మూడేళ్ల ముందే, 1871లో, బ్రిటిష్‌వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. దేశంలో చాలాచోట్ల బంజారాలను ఆ జాబితాలో ఎక్కించారు. నిన్నటిదాకా సైన్యాలకు తిండి మోసినవాడు ఇవ్వాళ పుట్టుకతో దొంగ. 1952లోగాని ఆ చట్టం పోలేదు. మా మాదిగలకు అంటరానితనం, లంబాడీలకు దొంగతనం. ముద్రలు వేరు, వేసిన చెయ్యి వేరు కాదు.

ఇక అందరికీ తెలిసిన చరిత్ర. నిజాం సర్కారులో పెద్ద ఉద్యోగి అయిన మెహదీ నవాజ్ జంగ్ ఈ గుట్టమీద మొట్టమొదట ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి అంటారు. ఇంటికి బంజారా భవన్ అని పేరు పెట్టుకున్నాడు. రాళ్లను పగలగొట్టకుండా, ఉన్న బండలనే గోడలుగా కలుపుకుని కట్టాడు. ఆ సంగతిలో ఆయన్ను మెచ్చుకోవాల్సిందే. తర్వాత వచ్చినవాళ్లెవరికీ ఆ బుద్ధి పుట్టలేదు. 1933 డిసెంబరులో రవీంద్రనాథ్ ఠాగూర్ హైద్రాబాదు వచ్చి ఈ గుట్టమీద బస చేశాడు, గుట్టలను చూసి ఒక కవిత కూడా రాశాడు. మెహదీ నవాజ్ జంగ్ 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నరయ్యాడు. రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఆయన పేరుదే. మా బస్తీలో పొగాకు నమిలి నోటి పుండు తెచ్చుకున్న ముసలోళ్లందరూ చివరికి అక్కడికే పోయారు. బంగళా ఎవరికీ చూపెట్టని ఆయన మంచితనాన్ని ఆసుపత్రి చూపెట్టింది.

గుట్టమీద ఠాగూర్ కవిత రాస్తున్న ఆ కాలంలోనే గుట్టకింద పట్నంలో ఇంకో కథ నడుస్తున్నది. భాగ్యరెడ్డివర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి, వాడవాడకూ తిరిగి, జోగిని దురాచారంమీద, తాగుడుమీద మాట్లాడి, మాల మాదిగ పిల్లలకు బడులు నడిపాడు. మనం పంచములం కాదు, ఈ నేలకు మొదటివాళ్లం, ఆది హిందువులం అన్నాడు. అరిగె రామస్వామి సికింద్రాబాదులో, బి.ఎస్. వెంకటరావు హైద్రాబాదులో ఆ పని చేశారు. భాగ్యరెడ్డివర్మ 1939లో పోయాడు. 'ఈ నేలకు మొదటివాళ్లం' అన్న మాటనూ, లంబాడీల పేరున్న గుట్టమీద లేస్తున్న బంగళాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. హైద్రాబాదు చరిత్ర అంటే ఈ రెండూ కలిపి. కాని కాఫీ బల్ల పుస్తకాల్లో ఒకటే ఉంటుంది.

1956 తర్వాత గుట్టకు కొత్తవాళ్లొచ్చారు. మంత్రులు, ఆఫీసర్లు, కాంట్రాక్టర్లు. 1960ల్లో పక్కన జూబ్లీహిల్స్‌కు కోఆపరేటివ్ హౌసింగు సొసైటీ వచ్చింది. కృష్ణా, గోదావరి కాలువలకింద మూడు తరాలుగా పండిన వరి మిగులు, ముందు మద్రాసులో సినిమాగా మారి, తర్వాత ఇక్కడ రాయిగా, గోడగా మారింది. అక్కినేని నాగేశ్వరరావు 1976లో 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియో తెరిచాడు. అప్పుడక్కడ రాళ్లూ, పొదలూ, పాములూ. ఆ తర్వాత రామానాయుడు స్టూడియో వచ్చింది, ఫిల్మ్‌నగర్ వచ్చింది. తెలుగువాడికి బంజారాహిల్స్ అనే మాటలో తళుకు వచ్చింది అప్పుడే. ఊర్ల నుంచి వచ్చిన పిల్లలు హీరో ఇల్లు చూద్దామని గేట్లముందు గంటలకొద్దీ నిలబడేవాళ్లు. మా బస్తీ పిల్లలం వాళ్లకు దారి చూపించి పావలా, అర్ధరూపాయి అడిగేవాళ్లం. నిజం చెప్పాలంటే మాకు కూడా గర్వంగానే ఉండేది. హీరో ఇంటి గోడకు మా నాయిన రాయి కొట్టిండని చెప్పుకునేవాళ్లం.

1972 కరువుకు పాలమూరు ఎండిపోయింది. మరుసటేడు మా నాయిన, అవ్వ, ఐదేండ్ల నేను ఒక గుంపు మేస్త్రీ వెంట పట్నం వచ్చాం. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఆనకట్ట ఎక్కడుంటే అక్కడ, కాలువ ఎక్కడుంటే అక్కడ. మా గుంపు మాత్రం ఈ గుట్టకు వచ్చింది. ఇల్లు కట్టేదాకా ఆ ఇంట్లో కాపలా, కట్టినంక దాని వెనక గుడిసె, యజమాని దిగినంక అదీ తీసెయ్యమనేవాళ్లు. అట్లా మూడిండ్లు మారి, చివరికి బండలమధ్య ఎవరికీ పనికిరాని వాలులో 60 గజాల జాగాలో రేకులు వేసుకున్నాం. మాకు ఒకపక్క వడ్డెరోళ్లు, ఒకపక్క దేవరకొండ దిక్కునుంచి వచ్చిన లంబాడీలు. గుట్టకు పేరిచ్చిన జాతి గుట్టమీదికి మళ్లీ వచ్చింది వాచ్‌మన్లుగా, తట్టలు మోసే కూలీలుగా. పట్నంలో దేవరకొండ బస్తీ అని ఒక బస్తీ పేరే ఉంది.

రాయి కొట్టటం గురించి కొంచెం చెప్పాలి. ఇక్కడి నల్లరాయికి 250 కోట్ల ఏండ్ల వయసని భూగర్భ శాస్త్రం చెబుతుంది. అసుంటి రాయి సుత్తెకు లొంగదు. వడ్డెరోళ్లు బండమీద చేత్తో తట్టి, చెవి పెట్టి, ఎటు పగులుతదో చెప్పేవాళ్లు. రాయికి వాటం ఉంటది, కట్టెకున్నట్టే. ఆ వాటం వెంబడి శానంతో వరసగా గుంతలు కొట్టి, ఇనుప ఆప్పులు దిగ్గొట్టి, సమ్మెటతో వంతులవారీగా కొడుతూ పోతే, ఒక గడియకు లోపల్నుంచి కొయ్యమన్నట్టు చిన్న సప్పుడు వస్తది. అప్పుడందరూ వెనక్కి జరుగుతరు. కొన్నిచోట్ల బండమీద మంటపెట్టి పొరలుగా లేపేవాళ్లు. పెద్ద బండలకు మందు పెట్టి పేల్చేవాళ్లు. పేల్చేముందు ఎర్రగుడ్డ ఊపి అరవాలి. ఈ విద్య ఏ ఇంజనీరింగు కాలేజీలో నేర్పరు. ఇంటి ఎలివేషను గీసినాయన పేరు గోడమీద రాగిరేకులో ఉంటది. వాటం చూసినాయన పేరు ఉండదు.

1978లో ఒక పెద్దాయన ఇంటికాడ రాయి పెచ్చు లేచి మా నాయిన ఎడమ కంట్లో పడ్డది. కాంట్రాక్టరు రెండొందలు చేతిలో పెట్టి రిక్షా ఎక్కించిండు. కన్ను పోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1987లో, రెండో నంబరు రోడ్డులోనే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వచ్చింది. దేశదేశాలనుంచి డాక్టర్లు చూసిపోయేంత పెద్ద ఆసుపత్రి. లేనోళ్లకు ఊరికే చూస్తరు. మా అవ్వ రెండు కండ్ల శుక్లాలూ అక్కడే తీశారు, ఒక్క రూపాయి తీసుకోలేదు. పట్టీ విప్పిన రోజు అవ్వ అన్నమాట: 'మీ నాయినకు గీ దవఖాన జెర ముందుగాల రావద్దా!' నాయిన నవ్విండు. 'నా కన్ను పోకపోతే దవఖాన కట్టాల్నని వాళ్లకు యాదికొచ్చునా' అన్నడు.

నాయిన రాయి పని మానేసినంక ఇల్లు నడిపింది అవ్వ. నాలుగిండ్లల్ల పాచిపని. గుట్టమీది పెద్దిండ్ల చరిత్ర రాయాలంటే మా ఆడోళ్లను అడగాలె. ఏ ఇంట్ల మర్యాద ఉన్నది, ఏ ఇంట్ల బయటి మెట్లకాడ సపరేటు గ్లాసు ఉన్నది, వాళ్లకు తెలుసు. మా ఊర్లె రెండు గ్లాసులు హోటల్ల ఉండేది. ఇక్కడ అది వంటింటి వెనక అల్మారాలకు వచ్చింది, అంతే తేడా. కులం అడగరు, 'మీదేవూరు, చర్చికి పోతరా, గుడికి పోతరా' అని అడుగుతరు. జవాబునుబట్టి పని వంటింట్లోనా, వాకిట్లోనా తేలుతది. కొత్తగా లేచిన అపార్టుమెంట్లల్ల పనోళ్లకు వేరే లిఫ్టు. 1985 కారంచేడు, 1991 చుండూరు అంటే అందరికీ తెలుసు. అక్కడ కత్తి కనపడ్డది. ఇక్కడ లిఫ్టు బటన్ కనపడుతది.

నీళ్ల కథ వేరు. పైన బంగళా తోటకు ట్యాంకరు, కింద బస్తీకి వీధి నల్లా, అదీ దినం విడిచి దినం. ఖైరతాబాదు ఎమ్మెల్యేగా పి. జనార్దన్‌రెడ్డికి బస్తీలల్ల అంత పేరు ఊరికే రాలేదు. నీళ్లకోసం ధర్నా అంటే పీజేఆర్ ముందుండేవాడు. 2007 డిసెంబరులో ఆయన పోయిననాడు మా బస్తీల పొయ్యి వెలగలేదు. ఆయన కులం మాకు తెలియక కాదు. కానీ బిందె పట్టుకుని మా పక్కన నిలబడ్డ మనిషిని మా ఆడోళ్లు మరిచిపోరు. అట్లని మా జెండా ఆయన చేతిలో ఎందుకుండాలె అని నేను కొట్లాడిన రోజులూ ఉన్నాయి. జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడిని ఇంత పెద్దగ చేసింది కూడా ఆయనే. పెద్దమ్మ అంటే రాయికింది దేవత, మా బోనాల దేవత, కల్లుసాక తాగే తల్లి. ఇప్పుడక్కడ గోపురం, సంస్కృత మంత్రం, కార్లకు నిమ్మకాయల పూజ. తల్లి కూడా ప్రమోషను తీసుకున్నది అని మా నాయిన అనేటోడు.

ఇంత చెప్పినంక ఈ గుట్టమీద నాకు ప్రేమ లేదనుకోవద్దు. ఎండకాలం సాయంత్రం పైకెక్కితే ఇప్పటికీ ఒక గాలి వస్తది, పట్నంల ఇంకెక్కడా రాదు. చిన్నప్పుడు మా బండమీంచి ఒకదిక్కు గోల్కొండ, ఒకదిక్కు హుస్సేన్‌సాగరు కనపడేవి. సీతాఫలం చెట్లు ఎవరివీ కావు, నెమళ్లు ఎవరివీ కావు. ఇప్పుడు నెమళ్లు కావాలంటే కె.బి.ఆర్. పార్కుకు పోవాలె. నిజాం మనమడి చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి అది, 1998లో జాతీయ పార్కు చేశారు. దాన్ని కాపాడిన చట్టం మంచిదే. పొద్దున పార్కుచుట్టూ నడిచేవాళ్లను చూస్తే మన రాష్ట్రం ఎవరి చేతుల్లో ఉందో అరగంటలో అర్థమవుతుంది. హమీద్ ఖాన్ కుంట బంజారా చెరువయింది, చెరువొడ్డున బంజారా పేరుతో పెద్ద హోటలు లేచింది, చెరువు మాత్రం ఏటేటా చిక్కిపోయింది. మిగిలిన బండలనన్నా మిగిలించుకుందామని 1996లో కొందరు చదువుకున్నవాళ్లు రాళ్లను కాపాడే సంఘం పెట్టారు. మంచి పని. కాని వాళ్లు రాయి గురించి మాట్లాడినప్పుడల్లా నాకు రాయి కొట్టినవాళ్లు గుర్తొస్తారు. రాయి పోవడం బాధే. రాయి కొట్టే పని పోయిన వడ్డెరోడి బాధ ఏ ఫోటో ఎగ్జిబిషనులోనూ ఉండదు.

నా చదువు సంగతి కూడా ఈ గుట్టతోనే ముడిపడ్డది. పగలు ఒక ఆఫీసుల అటెండరు పని చేసుకుంట డిగ్రీ చదివింది సార్వత్రిక విశ్వవిద్యాలయంలో. 1982లో పుట్టిన ఆ యూనివర్సిటీకి 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. ఇప్పుడది జూబ్లీహిల్స్‌లో ఉంది. పెద్దోళ్ల ఇండ్లమధ్య ఆ బోర్డు చూసినప్పుడల్లా, ఎండలో ఎవరో మనోడు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది.

2000 తర్వాత గుట్టకు కొత్త తళుకు వచ్చింది. హైటెక్ సిటీ 1998లో మొదలై, దానికి పోయే దారి ఈ గుట్టే అయింది. బొటిక్కులు, ఆర్ట్ గ్యాలరీలు, కాఫీ షాపులు, 2009లో పెద్ద మాలు. యువకులు ఇక్కడికి ఎందుకు వస్తారో నాకు తెలుసు. ఎవరూ పట్టించుకోకుండా ఒక అమ్మాయీ అబ్బాయీ మాట్లాడుకోగల జాగా ఊర్ల లేదు, పాత పట్నంల లేదు. ఇక్కడ కాఫీకి డబ్బుంటే ఉన్నది. దాన్ని నేను తక్కువ చెయ్యను. కులం తప్పించుకుని ప్రేమించినవాళ్లకు ఒక గంట దొరకటం చిన్న సంగతి కాదు. 2010లో ఒకటో నంబరు రోడ్డు దగ్గర లామకాన్ అని ఒక పాతింటిని సభలకు, నాటకాలకు తెరిచారు. బండలు, చెట్టు, ముంతెడు చాయ్, సమోసా. అక్కడ దళిత కవిత్వం చదవటం విన్నాను, తెలంగాణమీద కొట్లాడుకోవటం విన్నాను. టికెట్టు లేకుండా, 'ఏ రోడ్డు' అని అడగకుండా కూర్చోనిచ్చిన జాగాలు గుట్టమీద ఎక్కువ లేవు.

బొటిక్కులల్ల అద్దాల సంచులు అమ్ముతారు. బంజారా వర్క్ అంటారు. ఒకసారి పక్కింటి లంబాడి అత్తను తీసుకుపోయి ఒక షాపు అద్దంల నుంచి చూపించిన. ధర చీటీ చదివి చెప్పిన. ఆమె చాలాసేపు కుట్టు చూసింది. 'మిషను కుట్టు. అద్దం గూడ ప్లాస్టిక్‌ది' అన్నది. ఆమె పెండ్లి పేటియా తాకట్టులో పోయి ముప్పై ఏండ్లయింది. 1999లో, మళ్లీ 2001లో, తండాలనుంచి ఆడపిల్లలను కొని దత్తతకు పంపుతున్న వ్యవహారం పత్రికల్లో పడ్డప్పుడు ఆమె రెండు రోజులు అన్నం తినలేదు. బంజారా సంచికి ధర ఉంది, బంజారా బిడ్డకు కూడా ధర పెట్టారు.

చట్టం లెక్క చూసినా ఇట్లాగే ఉంటది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు ముందునుంచీ షెడ్యూల్డు తెగ. తెలంగాణ లంబాడీలకు ఆ గుర్తింపు 1976 చట్టంతోగాని రాలేదు. ఒకే భాష, ఒకే సేవాలాల్, మధ్యల జిల్లా సరిహద్దు. గుట్టమీద వాళ్ల పేరున ఒక ఇల్లు లేవటానికి ఇంకా టైము పట్టింది. 2022 సెప్టెంబరు 17న బంజారాహిల్స్‌లో సేవాలాల్ బంజారా భవన్, పక్కనే కుమ్రం భీం ఆదివాసీ భవన్ తెరిచారు. నవాబు బంజారా భవన్ లేచిన ఎన్నో ఏండ్లకు బంజారాల బంజారా భవన్. అత్త పోయి చూసొచ్చింది. 'మస్తుగున్నది కొడుకా. పేరన్న మాదే రాసిండ్రు' అన్నది.

ఇగ పట్టాల సంగతి. 2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 58, 59 జీవోలు ఇచ్చింది. 2014 జూన్ 2 నాటికి సర్కారు జాగాలో ఇల్లు వేసుకుని ఉన్న పేదలకు 125 గజాల దాకా ఊరికే పట్టా ఇస్తమని 58 చెప్పింది. అంతకన్న ఎక్కువ జాగా పట్టుకున్నవాళ్లు డబ్బు కట్టి సొంతం చేసుకోవచ్చని 59. గుడిసెకు ఒక నంబరు, బంగళాకు ఒక నంబరు, మళ్లీ నంబర్లే. మా 60 గజాలకు నేనే అప్లికేషన్ రాసిన. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఓటరు చీటీ పెట్టిన. విచారణకు వచ్చిన ఆఫీసరు ఇంకో రుజువు అడిగిండు: 'ఎప్పట్నుంచి ఉంటున్నరమ్మా?' అవ్వ ఇంటి వెనక బండమీద నాయిన కొట్టిన శానం గుంతల వరస చూపించింది. 'గిది కొట్టినప్పట్సంది సారూ. ఇంతకన్న కాగితం మా దగ్గర లేదు.' ఆయన మంచోడే, బండ ఫోటో తీసుకున్నడు. ఏడాదిన్నరకు అవ్వ పేరున కాగితం వచ్చింది. నాయిన అప్పటికి లేడు.

కాగితం వచ్చిన నెలకే ఒకాయన కారు దిగి వచ్చిండు. ఎంతకిస్తరు అని అడిగిండు. అవ్వ ఆయనకు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, 'మీరే రోడ్డు సారూ?' అని అడిగింది.

అత్తకు మాత్రం పట్టా రాలేదు. మూడుసార్లు తిరిగినం. ఆమె ఇల్లున్న చోటు రికార్డులో గుట్ట అని ఉందట, గుట్టకు పట్టా ఇయ్యరట. ఆమె వాకిట్లో నిలబడి చూస్తే ఎదురుగా అదే గుట్టమీద ఐదంతస్తుల ఇల్లు లేస్తున్నది. ఈసారి బండ కొట్టటానికి మిషన్లు వచ్చినయి. తట్టలు మోసేటోళ్లు ఒడిశానుంచి వచ్చిండ్రు. వాళ్ల పిల్లలు నీళ్లకు మా నల్లాకాడికే వస్తరు.